బంగ్లాదేశ్ - సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు

ఐక్య రాజ్య సమితి 2015లో ప్రకటించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల దిశగా బంగ్లాదేశ్ సాధించిన ప్రగతి, దానికి దారితీసిన కారణములు, ఇంకను మిగిలియున్న సమస్యలు ఈ వ్యాసములో వివరింపబడినవి. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు సముద్రములో కలియుచోట ఏర్పడిన డెల్టాయే ఈ దేశములో అధిక భాగము. దీని వైశాల్యము 1,47,570 చదరపు కిలోమీటర్లు. ఇది 2014కు ముందున్న ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో సగము కంటె కొంచెము మాత్రమే ఎక్కువ. 2022 జనాభా లెక్కల (సవరించిన) ప్రకారము ఇక్కడి జనసంఖ్య 16.98 కోట్లు. 2011లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ జనాభా 8.46 కోట్లు అని గుర్తు చేసుకుంటే, సగము నేల మీద రెండింతల జనము నివసించుచున్నారని తెలుస్తుంది. ఈ దేశమునకు సంబంధించిన ఏ గణాంకమును చదివేటప్పుడైనా ఈ సంగతిని మరువరాదు.

సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు అనగానేమి?

2000 సంవత్సరములో ఐక్య రాజ్య సమితి ఎనిమిది "సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాలను" ఏర్పరచి, వాటికి 2015ను గడువుగా నిర్ణయించినది. ఆ గడువు ముగియుచుండగా, 2015 సెప్టెంబరు 25న, 193 సభ్యదేశములు 2030ని గడువుగా పెట్టుకొని 17 కొత్త లక్ష్యములను ఆమోదించాయి. వీటి క్రింద 169 ఉపలక్ష్యములు ఉన్నవి. ప్రగతిని కొలుచుటకు 2020 సవరణ నాటికి 231 సూచికలు ఉండేవి.

పాత లక్ష్యములకు, కొత్త లక్ష్యములకు సంఖ్యలోనే కాక స్వభావములో కూడ తేడా ఉన్నది. పాతవి ఎక్కువగా "ఎంతమందికి అందినది?" అని అడిగేవి. ఎందరు పిల్లలు బడిలో చేరారు, ఎన్ని ఇళ్ళకు పంపునీరు దొరికినది వంటివి. కొత్తవి "అందినది ఎటువంటిది?" అని కూడ అడుగుచున్నవి. బడిలో చేరిన పిల్లవానికి చదవడము వచ్చినదా, పంపులో నుండి వచ్చే నీరు త్రాగదగినదేనా అన్నవి వీటి ప్రశ్నలు. మొదటి రకపు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న బంగ్లాదేశ్ రెండవ రకపు పరీక్షలో ఎందుకు తడబడుచున్నదో తెలుసుకొనుటకు ఈ తేడాయే కీలకము.

నేపథ్యము

1970 నవంబరులో వచ్చిన భోలా తుఫానులో కనీసము మూడు లక్షలమంది మరణించారు. మరుసటి సంవత్సరము స్వాతంత్ర్య యుద్ధము జరిగినది. 1974లో కరువు వచ్చినది. 1971 డిసెంబరులో వాషింగ్టన్‌లో జరిగిన ఒక ఉన్నతస్థాయి సమావేశములో, పుట్టబోవు ఈ దేశమును "బాస్కెట్ కేసు"గా, అనగా ఎన్నటికీ తన కాళ్ళమీద తాను నిలువలేనిదిగా, అమెరికా అధికారులు పేర్కొన్నారు. ఆ సమావేశములో హెన్రీ కిసింజర్ ఉన్నందున ఈ మాట ఆయన పేరుమీదనే ప్రచారములోనికి వచ్చినది. 1976లో ఫాలాండ్, పార్కిన్సన్ అను ఇద్దరు ఆర్థికవేత్తలు బంగ్లాదేశ్‌ను "అభివృద్ధికి పరీక్ష" అని అభివర్ణిస్తూ ఒక గ్రంథము వ్రాశారు. ఈ దేశము బాగుపడగలిగితే ఏ దేశమైనా బాగుపడగలదని వారి భావము.

ఆ తరువాత జరిగినది చాలామంది ఊహించనిది. 1975లో స్త్రీకి సగటున 6.3గా ఉన్న సంతానోత్పత్తి రేటు 2011 నాటికి 2.3కు తగ్గినది. 1990 దశకము ఆరంభములో ప్రతి వేయిమంది శిశువులలో 133 మంది అయిదేళ్ళు నిండకుండానే మరణించేవారు. 2022 ఆరోగ్య సర్వే నాటికి ఈ సంఖ్య 31. పిల్లల మరణములను తగ్గించినందుకు 2010లో ఐక్య రాజ్య సమితి ఈ దేశమునకు పురస్కారము ఇచ్చినది. భారతదేశము కంటె తలసరి ఆదాయము తక్కువగా ఉన్న కాలములోనే అనేక సామాజిక సూచికలలో బంగ్లాదేశ్ ముందుకు పోయినదని జీన్ డ్రేజ్, అమర్త్య సేన్ తమ 2013 నాటి గ్రంథములో చర్చించారు.

ఉప్పు, బెల్లము, నీరు

ఈ మార్పుకు గల కారణములను అర్థము చేసుకొనుటకు ఒక్క ఉదాహరణను వివరముగా చూచుట మేలు.

1960లో ఢాకాలో ఒక కలరా పరిశోధనశాల ఏర్పడినది. తరువాత 1978లో ఇది అంతర్జాతీయ అతిసార పరిశోధన కేంద్రముగా మారినది. 1968లో ఇక్కడి వైద్యులు డేవిడ్ నలిన్, రిచర్డ్ కాష్ ఒక విషయమును ఋజువు చేశారు. చక్కెర, లవణములు సరియైన పాళ్ళలో కలిపిన నీటిని నోటి ద్వారా త్రాగించినచో, కలరా రోగికి నరములోనికి ఎక్కించవలసిన సెలైన్ అవసరము చాలవరకు తగ్గిపోవును. ప్రేగులలో చక్కెర ఇంకునప్పుడు ఉప్పును, దానితోపాటు నీటిని కూడ లోనికి తీసుకొనిపోవుటయే దీనిలోని సూత్రము. 1971 యుద్ధ సమయములో, పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థుల శిబిరములో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడి వేలమందిని కాపాడారు.

మందు దొరికినది కాని దానిని పల్లెలకు చేర్చుట ఎట్లు? అప్పటి బంగ్లాదేశ్‌లో అందరికి సరిపడు పొట్లములు తయారు చేయు కర్మాగారములు లేవు, పంచుటకు ఆసుపత్రులు లేవు. ఈ పనికి పూనుకొన్నది ఫజ్లే హసన్ అబేద్ 1972లో స్థాపించిన "బ్రాక్" అను స్వచ్ఛంద సంస్థ. మూడు వేళ్ళతో పట్టిన చిటికెడు ఉప్పు, ఒక గుప్పెడు బెల్లము, అర సేరు నీరు - ఇదియే వారి మందు. 1980 నుండి 1990 వరకు బ్రాక్ మహిళా కార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి, కోటి ఇరవై లక్షలకు పైగా కుటుంబములలోని తల్లులకు ఈ నీటిని కలుపుట నేర్పారు.

కార్యకర్తలకు జీతమిచ్చిన పద్ధతి ప్రత్యేకముగా చెప్పుకోదగినది. కార్యకర్త వెళ్ళి వచ్చిన కొన్ని వారములకు ఒక పర్యవేక్షకుడు ఆ ఊరికి వెళ్ళేవాడు. కొందరు తల్లులను ఎంపిక చేసుకొని, నేర్చుకున్న అంశములను అడిగి, నీటిని కలిపి చూపించమనేవాడు. తల్లి సరిగా చెప్పగలిగితే కార్యకర్తకు ఎక్కువ సొమ్ము, చెప్పలేకపోతే తక్కువ. శిష్యులకు వచ్చిన చదువును బట్టి గురువుకు జీతము అన్నమాట! (ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ పద్ధతి కొంచెము ఇబ్బందిగానే తోచవచ్చును.)

అయినను మొదట్లో ఒక చిక్కు వచ్చినది. తల్లులు పాఠమును చక్కగా అప్పజెప్పేవారు కాని, బిడ్డకు విరేచనములైనప్పుడు ఆ నీరు త్రాగించేవారు కాదు. విచారించగా, తమకు విరేచనములైనప్పుడు బోధించే కార్యకర్తలలోనే అనేకులు ఈ నీటిని వాడక మాత్రలు వేసుకొనుచున్నారని తేలినది. మగవారికి ఎవరూ చెప్పకపోవుట మరియొక కారణము. ఆ తరువాత కార్యకర్తలకు ఢాకా పరిశోధనశాలలో రోగులు కోలుకొనుటను చూపించారు. సంతలలోను, మసీదుల వద్దను మగవారిని కూర్చుండబెట్టి చెప్పారు. వాడకము పెరిగినది. నోటి ద్వారా ఇచ్చు సెలైన్‌ను ఎక్కువగా వాడు దేశములలో బంగ్లాదేశ్ ఒకటిగా నిలిచినది.

కుటుంబ నియంత్రణలో కూడ ఇదే మార్గము నడిచినది. 1970 దశకము చివరి నుండి ప్రభుత్వము నియమించిన మహిళా కార్యకర్తలు, గడప దాటుటకు వీలులేని స్త్రీలకు ఇంటివద్దనే సాధనములను అందించారు. 1975లో దంపతులలో 8 శాతము మాత్రమే ఏదో ఒక గర్భనిరోధక పద్ధతిని వాడుచుండగా 2022 నాటికి 64 శాతము వాడుచున్నారు. టీకాల కార్యక్రమము, తుఫాను హెచ్చరికల వ్యవస్థ కూడ ఇటువంటివే. చౌకయైన ఒక ఉపాయము, దానిని చివరి గుడిసె వరకు మోయగల వేలాది మనుషులు - ఈ రెండింటి కలయికయే బంగ్లాదేశ్ విజయ రహస్యమని చెప్పవచ్చును.

బాలికల చదువు, బాల్య వివాహములు

1982లో చాంద్‌పూర్ జిల్లాలోని షాహ్‌రాస్తీలో ప్రయోగాత్మకముగా మొదలైన బాలికల ఉపకార వేతన పథకము 1994లో దేశములోని గ్రామీణ ప్రాంతములన్నింటికి విస్తరించినది. ఉన్నత పాఠశాలలో చదివే బాలికకు ఫీజు మాఫీతోపాటు కొంత నగదు ఇచ్చేవారు. దీనికి మూడు షరతులు: హాజరు 75 శాతము ఉండవలెను, పరీక్షలలో 45 శాతము మార్కులు రావలెను, పెండ్లి కాకూడదు. కొద్ది సంవత్సరములలోనే ఉన్నత పాఠశాలలలో బాలికల సంఖ్య బాలుర సంఖ్యను అందుకొని, తరువాత దాటిపోయినది. ఈ చదువుకున్న బాలికలలో ఎందరో బట్టల కర్మాగారములలో చేరారు.

అయితే మూడవ షరతు ఆశించిన ఫలితము నెరవేరలేదు. 2022 సర్వే ప్రకారము 20-24 ఏళ్ళ స్త్రీలలో సగము మందికి 18 ఏళ్ళు నిండకమునుపే పెండ్లి అయినది. ఐదవ లక్ష్యము 2030 నాటికి బాల్య వివాహములు పూర్తిగా అంతరించవలెనని చెప్పుచుండగా పరిస్థితి ఇట్లున్నది. 2017లో చేసిన బాల్య వివాహ నిరోధక చట్టములో "ప్రత్యేక పరిస్థితులలో" కోర్టు అనుమతితో మైనరు బాలికకు పెండ్లి చేయవచ్చునను వెసులుబాటు చేర్చబడినది. మహిళా సంఘములు దీనిని తీవ్రముగా విమర్శించినవి.

చదువు నాణ్యత విషయమునకు వస్తే, దాదాపు పిల్లలందరు ప్రాథమిక పాఠశాలలో చేరుచున్నారు. కాని 2022 జాతీయ విద్యార్థి పరీక్షలలో అయిదవ తరగతి పిల్లలలో తమ తరగతికి తగిన స్థాయిని అందుకొన్నవారు బెంగాలీలో సుమారు సగము, గణితములో సుమారు 30 శాతము మాత్రమే. కోవిడ్ కారణముగా 2020 మార్చి నుండి 2021 సెప్టెంబరు వరకు, సుమారు ఏడాదిన్నర, బడులు మూసియుండుట కూడ దీనికి కొంత కారణము.

గొట్టపు బావుల కథ

పాత లక్ష్యములకు, కొత్త లక్ష్యములకు మధ్యగల అంతరము ఆరవ లక్ష్యమైన మంచినీటి విషయములో కొట్టవచ్చినట్లు కనబడును.

చెరువుల నీరు త్రాగుట వలన కలరా, విరేచనములు ప్రబలుచుండగా, 1970 దశకము నుండి ప్రభుత్వము, యూనిసెఫ్ కలసి చేతిపంపు అమర్చిన గొట్టపు బావులను పల్లెపల్లెన వేయించాయి. నేల మెత్తని ఒండ్రుమట్టి, నీరు చేతికందే లోతు. ఇద్దరు ముగ్గురు మనుషులు ఒక్కరోజులో గొట్టమును దించగలరు. ఖర్చు తక్కువ కావున తరువాత ప్రజలు తమ సొమ్ముతోనే పెరటిలో వేయించుకొన్నారు. వీటి సంఖ్య చాలా లక్షలకు చేరినది. పెండ్లి మాటలప్పుడు కూడ ఇంట్లో గొట్టపు బావి ఉండుట గౌరవచిహ్నముగా ఉండేది. దేశములో తొంభై శాతమునకు పైగా జనాభాకు సురక్షితమైన నీరు అందినదని లోకమంతా మెచ్చుకున్నది.

1993లో చాపాయ్ నవాబ్‌గంజ్ జిల్లాలోని బావినీటిలో ఆర్సెనిక్ (పాషాణము) ఉన్నట్లు కనుగొన్నారు. సరిహద్దుకు ఇవతల పశ్చిమ బెంగాల్‌లో 1980 దశకములోనే ఈ సమస్య బయటపడియున్నది. హిమాలయముల నుండి కొట్టుకొనివచ్చిన ఒండ్రుమట్టిలో, ఇనుప ఆక్సైడు రేణువులను అంటిపెట్టుకొని ఆర్సెనిక్ ఉండును. ప్రాణవాయువు అందని లోపలి పొరలలో, మట్టిలోని సేంద్రియ పదార్థమును తినే సూక్ష్మజీవులు ఆ ఇనుప ఆక్సైడును కరగించినప్పుడు ఆర్సెనిక్ నీటిలోనికి విడుదలగును. దీనికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఏళ్ళ తరబడి త్రాగిన తరువాత చర్మముపై నల్లని మచ్చలు, అరచేతులు, అరికాళ్ళు గట్టిపడి కాయలు కట్టుట, ఆపైన చర్మము, మూత్రాశయము, ఊపిరితిత్తుల క్యాన్సరులు వచ్చును. మచ్చలు వచ్చిన ఆడపిల్లలకు పెండ్లి కాకపోవుట, అంటువ్యాధి అనుకొని ఊరివారు దూరముగా ఉంచుట మరియొక బాధ.

2001లో వెలువడిన బ్రిటిష్ భూగర్భ సర్వే, బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖల ఉమ్మడి నివేదిక ప్రకారము, 150 మీటర్ల లోపు లోతుగల బావులలో 27 శాతము బావుల నీటిలో ఆర్సెనిక్ లీటరుకు 50 మైక్రోగ్రాములను మించినది. ఇది బంగ్లాదేశ్ ప్రభుత్వము అనుమతించే గరిష్ఠ పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి 10 మైక్రోగ్రాములే. ఆ లెక్కన చూచినచో 46 శాతము బావులు పనికిరావు. సుమారు మూడున్నర కోట్ల మంది మొదటి పరిమితికి మించిన నీటిని త్రాగుచున్నారని అంచనా వేశారు. చరిత్రలో ఒక జనసమూహము విషమునకు గురియైన ఘటనలలో ఇదియే అతి పెద్దదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో శాస్త్రవేత్తలు వ్రాశారు. 1992లో ఇక్కడి నీటిని పరీక్షించినప్పుడు ఆర్సెనిక్‌ను ఎందుకు చూడలేదని బ్రిటిష్ సంస్థపై బంగ్లాదేశ్ గ్రామస్థులు వేసిన దావాను 2006లో బ్రిటన్‌లోని ప్రభువుల సభ కొట్టివేసినది.

ఆ తరువాతి సంవత్సరములలో దాదాపు 50 లక్షల బావులను పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎర్ర రంగు వేశారు. ఇదియును ఇంటింటికి తిరిగే పనియే కావున, బంగ్లాదేశ్‌కు అలవాటైన రీతిలో వేగముగా జరిగినది. ఎర్రబావి వారిలో చాలామంది ఇరుగుపొరుగు ఆకుపచ్చ బావులకు మారారు. కాని రంగు కొన్ని సంవత్సరములకు వెలిసిపోయినది. కొత్తగా వేసిన లక్షల బావులను తిరిగి పరీక్షించినవారు లేరు. శాశ్వత పరిష్కారములుగా చెప్పిన లోతైన బావులు, పైపుల ద్వారా సరఫరా, నీటిశుద్ధి యంత్రములు - ఇవన్నీ ఒకసారి చేసి వదిలివేసే పనులు కావు. వాటికి ఏటేటా నిర్వహణ, తనిఖీ, జవాబుదారీ గల కార్యాలయము అవసరము. 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారము, ప్రభుత్వము వేయించే లోతైన బావులలో సగము పార్లమెంటు సభ్యుల సిఫారసుపై కేటాయింపబడుట వలన, అవసరమున్న ఊళ్ళకు బదులు పలుకుబడి ఉన్నవారి ఇళ్ళ వద్ద పడినవి. అప్పటికి ఇంకను సుమారు రెండు కోట్ల మంది ఆర్సెనిక్ నీటినే త్రాగుచున్నారని ఆ నివేదిక పేర్కొన్నది.

ఈ నేపథ్యములో కొత్త కొలబద్ద వచ్చినది. మెరుగుపరచిన నీటి వనరు ఉన్నదా అని అడిగితే 98 శాతము జనాభాకు ఉన్నది. "సురక్షితముగా నిర్వహింపబడే" నీరు అందుచున్నదా, అనగా ఇంటివద్దనే, కావలసినప్పుడు, మలినము గాని ఆర్సెనిక్ గాని లేని నీరు దొరుకుచున్నదా అని అడిగితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల 2022 అంచనా ప్రకారము 60 శాతమునకు కొంచెము లోపుగా ఉన్నది. 2019లో జరిపిన సర్వేలో సుమారు 40 శాతము మంది వాడే నీటి వనరులలో మలసంబంధమైన సూక్ష్మజీవులు కనబడినవి. అదే నీటిని ఇంటిలో బిందె నుండి గాని, గ్లాసు నుండి గాని తీసి చూచినప్పుడు ఈ సంఖ్య 80 శాతమును దాటినది. నీరు మారలేదు, ప్రశ్న మాత్రమే మారినది.

దక్షిణమున ఖుల్నా, సాత్‌ఖీరా ప్రాంతములలో సమస్య వేరు. అక్కడ సముద్రపు ఉప్పు భూగర్భజలములలోనికి, చెరువులలోనికి చేరుచున్నది. రొయ్యల చెరువుల కోసము ఉప్పునీటిని లోనికి వదలుట కూడ దీనికి ఒక కారణము.

పారిశుధ్యము

బహిరంగ మలవిసర్జనను దాదాపు అంతరింపజేసిన దేశములలో బంగ్లాదేశ్ ఒకటి. 1990లో జనాభాలో మూడవ వంతు ఉండగా 2015 నాటికి ఒక శాతమునకు తగ్గినది. సబ్సిడీ ఇచ్చి మరుగుదొడ్లు కట్టించుటకు బదులు, ఊరివారినే కూర్చుండబెట్టి, ఆ మలము తమ నోటికి ఎట్లు చేరుచున్నదో వారిచేతనే లెక్కవేయించి సిగ్గుపడేటట్లు చేయు పద్ధతి రాజ్‌షాహీ జిల్లాలోని మోస్మోయిల్ గ్రామములో 1999-2000లో మొదలైనది. దీనిని రూపొందించిన కమల్ కర్ భారతీయుడు. తరువాత ఇది అనేక దేశములకు వ్యాపించినది.

పేదరికము, ఉపాధి

గృహస్థుల ఆదాయ వ్యయ సర్వేల ప్రకారము జాతీయ పేదరిక రేఖకు దిగువనున్నవారు 2000లో 48.9 శాతము, 2010లో 31.5 శాతము, 2016లో 24.3 శాతము, 2022లో 18.7 శాతము. 2022 తరువాత ధరలు బాగా పెరిగినవి. పవర్ అండ్ పార్టిసిపేషన్ రీసెర్చ్ సెంటర్ అను సంస్థ 2025లో జరిపిన సర్వేలో ఇది సుమారు 28 శాతముగా తేలినది. ఇది చిన్న నమూనాతో జరిగిన సర్వే అగుటచే ప్రభుత్వ సర్వేలతో నేరుగా పోల్చరాదు కాని, దిశ మారినదని మాత్రము సూచించుచున్నది.

పేదరికము తగ్గుటకు విదేశములలో పనిచేయువారు పంపే సొమ్ము, వ్యవసాయములో బోరో వరి సాగు, దుస్తుల పరిశ్రమ ప్రధాన కారణములు. దేశపు ఎగుమతులలో 80 శాతమునకు పైగా దుస్తులే. సుమారు 40 లక్షల మంది పనిచేయు ఈ పరిశ్రమలో స్త్రీలే అధికులు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపమున సావార్‌లో రాణా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల భవనము కూలి 1,100 మందికి పైగా కార్మికులు మరణించారు. ముందురోజే గోడలకు పగుళ్ళు కనిపించినవి. అయినను కార్మికులను లోపలికి పంపారు. ఆ తరువాత విదేశీ బట్టల కంపెనీలు, కార్మిక సంఘములు కలసి చేసుకొన్న ఒప్పందము వలన వందలాది కర్మాగారములలో అగ్నిమాపక, భవన భద్రత మెరుగుపడినది. వేతనముల విషయము, సంఘము పెట్టుకొనే హక్కు విషయము ఇంకను వివాదములోనే ఉన్నవి.

సూక్ష్మ ఋణములు కూడ బంగ్లాదేశ్ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చును. ముహమ్మద్ యూనస్ 1976లో చిట్టగాంగ్ సమీపమున జోబ్రా గ్రామములో మొదలుపెట్టిన ప్రయోగము 1983లో గ్రామీణ బ్యాంకు అయినది. ఆయనకు, బ్యాంకుకు కలిపి 2006లో నోబెల్ శాంతి బహుమతి లభించినది. వీటివలన పేదరికము ఎంత తగ్గినదనే విషయములో ఆర్థికవేత్తలకు ఏకాభిప్రాయము లేదు. ఈ నమూనాను అనుసరించి లాభాపేక్షతో నడిచిన సంస్థల వసూళ్ళ పద్ధతులపై ఆరోపణలు రాగా, 2010లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము వాటిని అదుపుచేయుటకు ఆర్డినెన్సు తేవలసి వచ్చిన సంగతి తెలుగు పాఠకులకు తెలిసినదే.

తల్లుల ఆరోగ్యము

లక్ష కాన్పులకు తల్లుల మరణములు 2001 సర్వేలో 322, 2010లో 194. తరువాత 2016 సర్వేలో 196, అనగా ఆరేళ్ళపాటు కదలిక లేదు. ప్రభుత్వ నమోదు వ్యవస్థ ప్రకారము 2023లో ఇది 136. 2030 నాటికి 70కి తగ్గవలెను. విరేచనములకు ఉప్పు-బెల్లము నీరు సరిపోయినది కాని, కాన్పులో రక్తస్రావమునకు చిటికెడు మందు లేదు. రాత్రివేళ కూడ వైద్యుడు, రక్తము, శస్త్రచికిత్స గది సిద్ధముగా ఉన్న ఆసుపత్రి కావలెను. ఇంకొకవైపు, 2022 సర్వే ప్రకారము కాన్పులలో 45 శాతము సిజేరియన్లే. ఇవి ఎక్కువగా ప్రైవేటు క్లినిక్కులలో జరిగినవి. అవసరమైనవారికి అందకపోవుట, అవసరము లేనివారికి చేయుట రెండును ఒకే దేశములో కనబడుచున్నవి.

వయసుకు తగిన ఎత్తు లేని పిల్లల శాతము 2007లో 43 ఉండగా 2022లో 24కు తగ్గుట మాత్రము నిస్సందేహముగా గొప్ప ప్రగతి.

తుఫానులు, వాతావరణ మార్పు

1970 తుఫానులో మూడు లక్షలకు పైగా, 1991లో సుమారు 1,38,000, 2007 నాటి సిద్ర్ తుఫానులో సుమారు 3,400, 2020 నాటి అంఫాన్ తుఫానులో ముప్పది లోపు - మరణముల సంఖ్య తగ్గిన తీరు ఇది. 1972లో మొదలైన తుఫాను సన్నద్ధత కార్యక్రమములో ఇప్పుడు సుమారు 76,000 మంది స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు. వీరిలో సగము స్త్రీలు. జెండాలు, మైకులు, చేతి సైరన్లు వీరి పరికరములు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనను చూచినవారికి, అదే బంగాళాఖాతపు ఆవలి తీరమున జరిగిన ఈ మార్పు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రాణములు దక్కుచున్నవి కాని పొలములు, ఇండ్లు దక్కుటలేదు. నదీకోత, ఉప్పునీరు కారణముగా తీరప్రాంత జనము ఢాకా మురికివాడలకు చేరుచున్నారు. వాతావరణమును వేడెక్కించిన వాయువులలో ఈ దేశపు వాటా అతి స్వల్పము.

విద్యుత్తు

2003 నుండి సుమారు 41 లక్షల ఇళ్ళకు చిన్న సౌర విద్యుత్ పరికరములు అమర్చబడినవి. ఇది ప్రపంచములోనే పెద్ద కార్యక్రమములలో ఒకటి. తరువాత తీగలు ఊళ్ళకు చేరగానే ఎన్నో పరికరములు మూలబడినవి. 2022 మార్చిలో దేశములో నూరు శాతము విద్యుదీకరణ జరిగినట్లు ప్రభుత్వము ప్రకటించినది. అదే సంవత్సరము ఇంధనము దిగుమతికి డాలర్లు చాలక కోతలు కూడ మొదలైనవి.

పాలన, గణాంకములు

లక్ష్యముల అమలుకు ప్రధానమంత్రి కార్యాలయములో ఒక సమన్వయకర్తను నియమించారు. జాతీయ ప్రాధాన్యము గల 39 సూచికలను ఎంచి, వాటికి ప్రతి ప్రాంతము తనకు ముఖ్యమైన మరియొకదానిని చేర్చుకొనే "39+1" పద్ధతిని రూపొందించారు. 2017, 2020, 2025 సంవత్సరములలో దేశము ఐక్య రాజ్య సమితికి స్వచ్ఛంద సమీక్షలు సమర్పించినది. అయితే జాతీయ ఆదాయములో పన్నుల వాటా సుమారు 8 శాతమునకు మించకపోవుటచే, ఆసుపత్రులకు, బడులకు, నీటి పథకములకు కావలసిన ధనము ప్రభుత్వము వద్ద లేదు. ఇన్నాళ్ళు స్వచ్ఛంద సంస్థలు, విదేశీ సహాయము ఆ లోటును కొంత పూడ్చినవి.

2024 జూలై-ఆగస్టులలో విద్యార్థుల ఉద్యమము తీవ్రమై, ఆగస్టు 5న షేక్ హసీనా దేశము విడిచి వెళ్ళగా, ఆగస్టు 8న ముహమ్మద్ యూనస్ నాయకత్వమున తాత్కాలిక ప్రభుత్వము ఏర్పడినది. ఆ ప్రభుత్వము దేవప్రియ భట్టాచార్య అధ్యక్షతన నియమించిన సంఘము 2024 డిసెంబరులో శ్వేతపత్రమును సమర్పించినది. 2009-2023 మధ్య ఏటా సగటున 1,600 కోట్ల డాలర్లు అక్రమముగా దేశము దాటినవని అందులో అంచనా వేశారు. ఆర్థికాభివృద్ధి గణాంకములు ఎక్కువచేసి చూపబడినవని కూడ పేర్కొన్నారు. అంతకు ముందే, 2024 జూలైలో, ఎగుమతుల లెక్కలలో వెయ్యి కోట్ల డాలర్లకు పైగా అధికముగా చూపబడినట్లు కేంద్ర బ్యాంకు సవరణ వలన బయటపడినది.

ఈ కారణముగా బంగ్లాదేశ్ ప్రగతిని అంచనా వేయువారు జాతీయోత్పత్తి వంటి లెక్కలను, ఆరోగ్య సర్వేల వంటి లెక్కలను వేరుగా చూడవలసియున్నది. రెండవ రకమువి ఇంటింటికి వెళ్ళి, అంతర్జాతీయముగా ఒకే ప్రశ్నావళితో సేకరించినవి. శిశుమరణములు, సంతానోత్పత్తి, పిల్లల ఎత్తు విషయములో పైన ఇచ్చిన అంకెలు వీటినుండి వచ్చినవే.

అల్పాభివృద్ధి దేశముల జాబితా

1975 నుండి బంగ్లాదేశ్ ఐక్య రాజ్య సమితి వారి అల్పాభివృద్ధి దేశముల జాబితాలో ఉన్నది. ఆదాయము, మానవ వనరులు, ఆర్థిక దుర్బలత్వము అను మూడు ప్రమాణములను 2018, 2021 సమీక్షలలో దాటినందున, జాబితా నుండి బయటకు వచ్చు తేదీని 2026 నవంబరు 24గా సర్వసభ్య సభ 2021 నవంబరులో నిర్ణయించినది. జాబితాలో ఉన్న దేశములకు ఐరోపా విపణిలో సుంకము లేని ప్రవేశము, మందుల పేటెంట్ల విషయములో సడలింపు వంటి సౌకర్యములు ఉండును. అవి పోవునను భయముతో ఈ తేదీని వాయిదా వేయించవలెనని 2025లో దుస్తుల, మందుల పరిశ్రమల వారు తమ ప్రభుత్వమును కోరారు.